దిగేటప్పుడు

అయినా ఈ పట్టుచీర కట్టుకుని రావడం నాదే బుద్ధితక్కువ, ఎవరు చూస్తారని, మబ్బులా చూసేది, మబ్బులు కూడా లేవు, కర్నూలు దాటినప్పటి నుంచి ఆకాశం ఊడ్చిపెట్టినట్టుంది, కిటికీ సందులోంచి గాలి కొట్టి కొంగు నిలవనీయడం లేదు, దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, అత్తకని చేసిన కజ్జికాయల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మిషను బడి టీచరు సంతోషమ్మ, అంటే నేనే, పిల్లలు నీడ చూసి నిలబడే మనిషి, ఇట్లా కోడిపెట్టలాగా ముడుచుకుని కూర్చుంది, ఇది గనక మా అయిదో తరగతి వాళ్ళు చూశారంటే రేపటి నుంచి ఎక్కాలు చెప్పించినట్టే, పక్కనేమో ఈయన, ఏసురాజు, నన్ను కట్టుకున్నవాడు, నాకంటే ముందు ఈ విమానాన్ని కట్టుకున్నవాడు అని నేను అంటూ ఉంటాను, ఎడమచేత్తో విమానం తిప్పే కర్ర పట్టుకున్నాడు, కుడిచెయ్యి మా ఇద్దరి మధ్య ఉన్న ఇంజను పిడి మీద ఆనించాడు, ఈల వేస్తున్నాడు, ఈ మోతలో వినపడదు గానీ పెదవులు చూస్తే తెలుస్తుంది, పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఇంట్లో ఒక్కనాడైనా ఈల వేశాడా ఈ మనిషి.

ఇంట్లో అయితే నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టే, ఉలకడు పలకడు, అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే నీళ్ళు తాగి పడుకుంటాడు, నేను ముఖ్యమా ఆ ఎగిరే డబ్బా ముఖ్యమా, ఒక్క మాట చెప్పవయ్యా అని ఎన్నిసార్లు అడిగానో, తువ్వాలు మడిచి భుజాన వేసుకుని బయట మంచం మీదికి పోతాడు, అదే జవాబు, మద్రాసులో ఏదో విమానాల క్లబ్బులో యంత్రాలు తుడుస్తూ తుడుస్తూ తోలడం నేర్చుకున్నాడట, ముగ్గురాయి గనుల సుంకిరెడ్డి పిలిచి విమానం చేతికిచ్చాడట, కమలాపురం దగ్గర మా మాలపల్లెలో పుట్టిన పిల్లోడు గాలిలో పోతున్నాడని మా అత్త విశ్వాసమ్మ గుడిలో సాక్ష్యం కూడా చెప్పింది, నాకు మాత్రం స్తోత్రం చెప్పబుద్ధి కాలేదు, ఎందుకంటే అది మా బడి మీదుగానే పోతుంది, పాఠం మధ్యలో గుర్రుమని వస్తుంది, టీచర్ టీచర్ మీ ఆయన అని పిల్లలంతా బయటికి పరిగెత్తుతారు, నేను చాక్‌పీసు పట్టుకుని నల్లబల్ల దగ్గరే నిలబడతాను, మోత సన్నబడుతుంది, దారమంత అవుతుంది, తెగిపోతుంది, ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు, ఎక్కడం వింటాను, పోవడం వింటాను, దిగడం మాత్రం ఒక్కసారి కూడా వినలేదు, ఎక్కితివి సరే, దిగితివో లేదో నాకెట్ల తెలియాల అని ఒకరోజు ఏడ్చినంత పని చేస్తే, సాయంత్రం ఇంటికొస్తే దిగినట్టే గదా అన్నాడు, చూడండి ఆ జవాబు, దానికి గోడకేసి తల కొట్టుకోవాలా వద్దా.

అందుకే డ్రిల్లు మాస్టరు పని కనిపెట్టాను, మా బడిలో అది చేసే ముసలాయన మానుకున్నాడు, హెడ్మాస్టరమ్మను బతిమాలి మా ఆయన కోసం ఆ పని అట్టే పెట్టించాను, సోమవారం లోపల చెప్పమ్మా, తర్వాత నాకు కుదరదు అంది ఆవిడ, ఇంటికొచ్చి చెప్తే ఎగిరి గంతేయలేదు, అరవలేదు కూడా, ఒక్కసారి విమానంలో నా పక్కన కూచోని రా సంతోషా, కమలాపురంలో దిగినాక గూడా మానుకోమంటే మానుకుంటా, ప్రభువు తోడు, మళ్ళా ఆ మాటే ఎత్తను అన్నాడు, రెడ్డి కమలాపురంలో ఉన్నాడు, ఆయన్ను తీసుకురావడానికి విమానం ఖాళీగా పోవాలి, పెండ్లాన్ని ఎక్కించుకోని రాప్పా, నాకు చెల్లెలి మాదిరి అని రెడ్డి కూడా ఒప్పుకున్నాడు, ఇంకేం, నా గెలుపు ఖాయం, దిగగానే చెప్పాల్సిన మాట రెండు రోజులుగా నాలుక మీద పెట్టుకుని తిరుగుతున్నాను, చాలయ్యా, మానుకో, అంతే, ఇంతకంటే పెద్ద మాట అక్కర్లేదు.

కానీ ఈ మనిషి ఇక్కడ ఇంకొకడుగా ఉన్నాడేమిటి, మాట్లాడుతూనే ఉన్నాడు, మోతకు మించి అరుస్తూ, ముఖమంతా వెలిగిపోతూ, అది చూడు కాలవ, దాన్ని పట్టుకోని పోతే చాలు, దారి తప్పే పనే లే, అదిగో ఎడమపక్క, నల్లమల, ఆ వంపులోనే అహోబిలం, తిరునాళ్ళప్పుడు పైనుంచి చూడాల మనుషుల్ని, నువ్వులు ఆరబోసినట్టు ఉంటారు, అదిగో పెన్న, ఎండిపోయింది గానీ ఎంత వెడల్పో చూడు, కింద నిలబడితే తెలీదు సంతోషా, నేను చూస్తున్నది పెన్నను కాదు, ఇన్ని మాటలు ఇంతకాలం ఎక్కడ దాచిపెట్టావయ్యా అని అతన్నే చూస్తున్నాను, కోపం కూడా వస్తోంది, ఇంట్లో నాకు పిసరంత, ఇక్కడ గాలికి గంపెడు, అయినా చెప్పొద్దూ, బాగుంది, ఆ ముఖం బాగుంది, పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి చూశాను దాన్ని, కమలాపురం నుంచి పల్లెకు బండిలో తీసుకుపోతున్నాడు, పాపాఘ్ని ఏట్లో దిగేచోట చక్రం గుంతలో పడింది, నేను ముందుకు తూలాను, పగ్గాలు వదిలేసి చెయ్యి నాకు అడ్డం పెట్టాడు, దూలం లాంటి చెయ్యి, ఎద్దులు వాటి మానాన అవి గట్టెక్కాయి, పగ్గాలు వదిలేస్తివే అని నేను నవ్వితే, మా నాయన గూడా ఇంతే, మాయమ్మ బండిలో ఉంటే గుంత వచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెడతాడు, ఎద్దులకు దారి తెలుసులే అన్నాడు, ఇప్పుడున్నది ఆ ముఖమే, మధ్యలో ఏమైందో దానికి.

భయం పుట్టే చోటు వచ్చేసింది, విమానం ముక్కు కిందికి వంచాడు, చెవులు దిబ్బళ్ళు వేశాయి, పాపాఘ్ని ఇసక తెల్లగా పక్కకు జారిపోయింది, భయపడాకు అన్నాడు, గాల్లో ఏమీ కాదు, మోసం చేసేది నేలే, అందుకే దిగేటప్పుడు నేను మాట్లాడను, నువ్వు గూడా మాట్లాడాకు, ఈ చెయ్యి చూడు, బండి పూర్తిగా నిలబడేదాకా ఇది ఈ పిడి మీదనే ఉండాల, పక్కకు లాగితే ఇంజను పెంచి తిప్పుకోవాల, తేలు కుట్టినా చెయ్యి తీయగూడదు, అది మొదటి పాఠం అన్నాడు, నేను చదువు చెప్పే దాన్ని, పాఠాలు నాకే చెప్తున్నాడు అని లోపల నవ్వుకుని డబ్బా గట్టిగా పట్టుకున్నాను, ఈల ఆగిపోయింది, ముఖంలోంచి నవ్వు తీసేసి పక్కన పెట్టినట్టుగా తీసేశాడు, పెదవులు బిగించాడు, ఓహో, ఇంట్లో ఉండే ముఖం ఇదే కదా, మూగముఖం, నా మీద కోపమనుకున్నాను ఇన్నాళ్ళూ, పొద్దున దిగబోయే నేలను తలుచుకునే ముఖమా ఇది, నీకూ భయమేనా అయ్యా, మరి ఒక్కమాట చెప్పవేం.

అదిగో చేను, పంట కోసిన రేగడి చేను, రెండు పక్కలా సున్నం గీతలు, కొనలో కట్టెకు కట్టిన తెల్లగుడ్డ, గుడ్డ మెల్లగా ఊగుతోంది, జనం, చీరల రంగులు, ఎవరో చేతులెత్తి ఊపుతున్నారు, ఒక్క చెయ్యి అందరికంటే పైకి లేచింది, అత్తే అయ్యుంటుంది, విశ్వాసమ్మ కాక ఇంకెవరికి అంత ఆత్రం, చేను సగం ఒక రంగుగా, సగం ఇంకో రంగుగా ఉందేమిటి, కుడిపక్క బూడిదరంగు, ఎడమపక్క నల్లగా, తెల్లారి లేచి కళ్ళాపి చల్లుతూ చల్లుతూ నీళ్ళు అయిపోయి సగంలో వదిలేసిన వాకిలిలాగా ఉంది, అచ్చం అట్లాగే, కళ్ళాపి వాకిలి తెలియని ఆడదాన్నా, చెప్దామా, మాట్లాడొద్దన్నాడు కదా, అయినా వీళ్ళ పనిలో నాకేం తెలుసు, ఎప్పుడూ ఇట్లాగే ఉంటుందేమో, నల్లరేగడి నల్లగా కాక ఇంకెట్లా ఉంటుంది, నోరు మూసుకున్నాను, ప్రభువా ప్రభువా ప్రభువా, నేల పైకి వచ్చేస్తోంది, మేము దిగుతున్నట్టు లేదు, నేలే లేచి వస్తోంది, తగిలింది, ఎగిరింది, మళ్ళీ తగిలింది, అమ్మయ్య, ఇంతేనా, దిగడమంటే ఇంతేనా, దీనికోసమా నేను ఇన్నాళ్ళు చాక్‌పీసులు విరిచింది.

అనుకోవడం పూర్తి కాలేదు, ఎడమ చక్రాన్ని ఎవరో కింద నుంచి పట్టుకుని లాగినట్టయింది, ముక్కు ఎడమకు తిరిగింది, తెల్లగుడ్డ ఎదురుగా ఉన్నది పక్కకు పోయింది, జనం ఎదురుగా వచ్చారు, అతని కాళ్ళు రెండూ కింద తొక్కుతున్నాయి, ఒకటి బిగిసి రాయిలాగా, తిప్పుకుంటాడు, తిప్పుకుంటున్నాడు, ముక్కు కొంచెం మళ్ళింది కూడా, నేను చూశాను, నిజంగా చూశాను, అప్పుడే నేను ముందుకు తూలాను, డబ్బా ఎగిరింది, అమ్మా అన్నానేమో, అన్నాను, అతని చెయ్యి వచ్చింది, కుడిచెయ్యి, పిడి మీదున్న చెయ్యి, తేలు కుట్టినా తీయగూడని చెయ్యి, వచ్చి నా రొమ్ముకు అడ్డం పడింది, దూలం లాంటి చెయ్యి, వెనక్కి సీటుకేసి నన్ను నొక్కిపెట్టింది, ఇక ఆకాశం, నేల, ఆకాశం, గిర్రున తిరిగింది అంతా, నా వైపు రెక్క నేలను గీరింది, పెళపెళమని ఏదో విరిగింది, ముందు తిరిగే పంకా ఆకు నేలకు కొట్టుకుని ఆగిపోయింది, దుమ్ము, కజ్జికాయల్లోని బెల్లం కొబ్బరి నా ఒళ్ళంతా, ఆ చెయ్యి మాత్రం నా మీది నుంచి కదలలేదు.

మోత ఆగిపోయింది, నా పక్కకు ఒరిగి ఉన్నాము, అతని బరువంతా నా భుజం మీద ఉంది, సంతోషా, సంతోషా, ఏమన్నా అయిందా, యాడన్నా తగిలిందా, పలుకు అంటున్నాడు, నాకు ముందు వాసన వచ్చింది, పెట్రోలు వాసన కాదు, పేడ వాసన, తడి పేడ వాసన, పొద్దున్నే వాకిట్లో వచ్చే వాసన, నాకు నవ్వు వచ్చింది, ఏడుపులోంచే వచ్చింది, కళ్ళాపి, నేను అనుకున్నది నిజమే, కళ్ళాపే అన్నాను, అతనికి అర్థం కాలేదు, తలకు దెబ్బ తగిలిందనుకుని నా తలంతా తడుముతున్నాడు, తలుపు తన్ని తెరిచి, నన్ను చంకలో ఎత్తుకుని కిందికి దింపాడు, కాళ్ళు నేల మీద ఆనగానే చెప్పులకు నల్లబురద గోరింటాకు ముద్దలాగా అంటుకుంది, ఒక్క అడుగు వేస్తే కాలు జర్రున జారింది, కుడిపక్కనేమో కాలు పెడితే దుమ్ము లేస్తోంది.

అత్త పరిగెత్తుకొచ్చింది, చంకలో ఖాళీ కడవ, దాన్ని వదలాలని కూడా తోచలేదు, ఓ నా కొడకా, ఓ నా తల్లీ అని మమ్మల్ని ఇద్దర్నీ తడిమి తడిమి చూసి, ఇద్దరికీ కాళ్ళూ చేతులూ ఉన్నాయని నమ్మకం కుదిరాక, అప్పుడు కూలబడి తల బాదుకుంది, నేనే చల్లితినే, పాపిష్టిదాన్ని నేనే చల్లితినే, కోడలు మొదటితూరి గాల్లో వస్తాండాది, దుమ్ములో దిగుతాదా బిడ్డ అని, పక్కింటి హంపమ్మను ఇంగా నలుగురిని పిల్చుకోని, ఎద్దుల్తో కపిల తోలించి బాయి నీళ్ళు తోడి, పేడ కలిపి, పొద్దున్నుంచి మోసి చల్లితిమే, సగానికి నీళ్ళు అయిపాయనే, పాస్టరయ్య ముగ్గు ఏయొద్దన్యాడు గానీ కళ్ళాపి వద్దనలేదు గదమ్మా అని నా మోకాళ్ళు పట్టుకుని అడుగుతోంది, ఏం చెప్పను, ఇన్నిసార్లు దిగిన చేను ఇది, ఎప్పుడూ ఎవరూ చుక్క నీళ్ళు చల్లలేదు, నా కోసం చల్లారు, నేనంటే ఈ ఇంట్లో ఎవరికీ లెక్కలేదని అక్కచెల్లెళ్ళకు చెప్పుకుని ఏడ్చే దాన్ని, నా కోసం చేనుకే కళ్ళాపి చల్లారు, ఊరుకో అత్తా, లే, ఏం కాలేదు లే అని ఆమె చేతిలోంచి కడవ తీసుకున్నాను, పట్టుకోవడానికి నా చేతులకు కూడా ఏదో ఒకటి కావాల్సి వచ్చింది.

సుంకిరెడ్డి విమానం చుట్టూ తిరిగి వచ్చాడు, విరిగిన రెక్కను చూశాడు, వంగిపోయిన ఆకును చేత్తో తట్టాడు, అరుస్తాడనుకున్నాను, అరవలేదు, మనుషులు నిలబడి ఉండారు, అది చాలు, యంత్రం గదా, అతికితే అతుక్కుంటాది అన్నాడు, ఏమప్పా ఏసురాజూ, నీళ్ళేనా కారణం అని అడిగాడు, అత్త ఏడుపు ఆపేసింది, చుట్టూ ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు, అవును నీళ్ళే అంటే సరిపోయేది, అబద్ధం కూడా కాదు, ఏసురాజు తన తల్లి వైపు చూశాడు, నల్లటి తడి వైపు చూశాడు, నీళ్ళు కొంచెం లాగినాయి రెడ్డీ, దాన్ని తిప్పుకోవచ్చు, నేను చెయ్యి తీస్తి అన్నాడు, ఎందుకు తీస్తివప్పా అంటే మళ్ళీ బెల్లంగడ్డ, తల వంచుకుని కాలి బొటనవేలితో బురద గీకుతున్నాడు, ఎందుకు తీశాడో ఈ చేనులో ఇద్దరికే తెలుసు, రెడ్డి మీసం దువ్వుకుని, సరే, బాగుచేపిస్తా, మద్రాసు నుంచి మనుషులొస్తారు, మళ్ళా నువ్వే ఎక్కుతావా, ఇంగొకర్ని చూసుకోమంటావా, అదొక్కటి చెప్పు అన్నాడు, ఏసురాజు తల ఎత్తకుండానే, సంతోషమ్మను అడుగు రెడ్డీ, దిగినాక ఆమె మాటేనని ప్రమాణం చేసినా, ఆమె ఏమంటే అదే అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు, అత్త కూడా, ఒక్కమాట చాలు, నాలుక మీదే ఉంది, ఇప్పుడైతే దానికి సాక్ష్యంగా విరిగిన రెక్క కూడా ఉంది, ఎవరూ తప్పు పట్టరు, సోమవారం నుంచి డ్రిల్లు మాస్టరు, మెడలో విజిలు, బడి గంట కొట్టగానే ఇల్లు, దిగాడా లేదా అనే దిగులే లేదు, ఎక్కితే కదా దిగడానికి, పక్కనే ఉంటాడు, తువ్వాలు భుజాన వేసుకుని మంచం మీద, నోటితో ఈల వేయడు, పెన్నను చూడు సంతోషా అని ఇంకెప్పుడూ అనడు, రొమ్ము ఎముక నొప్పి పుడుతోంది, అతని చెయ్యి పడిన చోట, రేపటికి కమిలిపోతుంది, నేను ముఖ్యమా అది ముఖ్యమా అని అడిగి అడిగి అలిసిపోయాను కదా, ఇదే జవాబు, నోటితో చెప్పలేక చేత్తో చెప్పాడు, నేను గెలిచాను, గెలిచి ఎక్కడ నిలబడ్డాను, విరిగిన రెక్క పక్కన, మా ఇద్దరి ప్రాణాలు వెంట్రుకవాసిలో దక్కించుకుని, పగ్గాలు వదిలినా బండి గట్టెక్కింది, ఎద్దులకు దారి తెలుసు కాబట్టి, ఈ విమానానికి తెలియదు, దీనికి ఆ చెయ్యి తప్ప ఇంకో కన్ను లేదు, నన్నూ దాన్నీ తక్కెడలో చెరో పక్క వేసి తూచమని నేనే పోరాను, తూచడానికి చెయ్యి తీశాడు, ఆ చెయ్యి అక్కడే ఉండి ఉంటే నేను ముందుకు తూలి, మహా అయితే నుదురు బొప్పి కట్టేది, అంతే, అక్కడే ఉంచిన చెయ్యి కూడా నన్ను పట్టుకున్న చెయ్యే కదా, అదే నన్ను బాగా పట్టుకున్న చెయ్యి కదా, ఇంత చిన్న సంగతి, ఇన్నేళ్ళు పట్టింది, ఎక్కుతాడు రెడ్డీ అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినపడింది, ఎక్కుతాడు, రెక్క బాగుచేపియ్యి, ఏసురాజు తల ఎత్తాడు, ఆ ముఖంలో నవ్వు రాబోతోంది, రానివ్వలేదు, నేను ఇంకా చెప్పాల్సింది ఉంది, ఏమయ్యా, ఇట్ల విను, నేను మళ్ళా ఎక్కుతా, పక్కనే కూచుంటా, తడి కనపడితే తడి అని అరుస్తా, నోరు మూసుకోని ఉండను, పడితే పడతా, పండ్లు రాలితే రాలతాయి, దిగేటప్పుడు మాత్రం నీకు పెండ్లాం లేదనుకో, అయ్యో అవేం మాటలమ్మే అని అత్త నా నోరు మూయబోయింది, ఆమె చెయ్యి పక్కకు తీసి అన్నాను, బండి నిలబడినాక ఉండాదనుకో.